240 గజాల లెక్క: హైదరాబాద్‌లో అంతస్తులు ఎక్కడ ఆగుతాయి

240 గజాల బిట్టు అనగానే హైదరాబాద్‌లో స్థలాలు అమ్మేవాళ్ల గొంతులో హుషారు వస్తుంది. 235 గజాలకు ఆ హుషారు ఉండదు. తేడా ఐదు గజాలే, కానీ భవన నిబంధనల పట్టికలో ఈ రెండు స్థలాలూ వేర్వేరు వరుసల్లోకి వెళ్తాయి. పట్టిక మొత్తం చదరపు మీటర్లలో ఉంటుంది. ఒక గీత 200 చదరపు మీటర్ల దగ్గర పడింది. గజాల్లోకి మారిస్తే అది 239.2.

ఈ గీతల గొడవ ఎందుకు ముఖ్యమంటే, మన ఊళ్లో ఎఫ్ఎస్ఐ లేదు. బెంగళూరులోనో చెన్నైలోనో అయితే స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు కట్టుకోవచ్చు అని ఒక అంకె చెప్పేస్తారు. హైదరాబాద్‌లో 2006 మార్చిలో వచ్చిన జీవో 86 ఆ అంకెను తీసేసింది. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, అంటే ఇప్పటికీ అందరూ తిరగేసే ఉమ్మడి భవన నిబంధనలు, అదే దారిలో నడిచింది. ఆ తర్వాత సవరణలు చాలా వచ్చాయి కానీ ఎముకల గూడు అదే. అంకె పోయిందంటే హద్దు పోయిందని కాదు. స్థలం ఏ వరుసలో పడుతుంది, ముందున్న రోడ్డు ఎంత, చుట్టూ ఎంత వదలాలి, దగ్గర్లో చెరువో నాలానో ఉందా, విమానాశ్రయం ఎంత దూరం అని హద్దు ముక్కలు ముక్కలుగా విడిపోయింది. ముక్కలన్నీ కలిపి చూస్తే తప్ప ఎంత ఇల్లు వస్తుందో తెలియదు. కొనేవాళ్లు సాధారణంగా ఒక్క ముక్కే చూస్తారు.

ముందు చిన్న స్థలాల సంగతి. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉన్న 200 గజాల స్థలం తీసుకుందాం. అది 167 చదరపు మీటర్లు, కాబట్టి 100 నుంచి 200 వరుసలో పడుతుంది. రోడ్డు 12 మీటర్ల లోపైతే ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. ఎత్తు 10 మీటర్లు దాటకూడదు. వెడల్పు 9.14 లోంచి రెండు మీటర్లు పోతే 7.14, లోతు 18.29 లోంచి రెండున్నర పోతే 15.79. అంతస్తుకు సుమారు 1,213 చదరపు అడుగులు. జీ+2 అంటే మూడు అంతస్తులు, మొత్తం 3,640. కారు కింద పెట్టుకోవాలంటే ఆ జాగా ఈ మూడింట్లోంచే పోతుంది.

ఇప్పుడు 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, అంటే సరిగ్గా 240 గజాలు. చదరపు మీటర్లలో 200.7. గీత దాటింది. 200 నుంచి 300 వరుసలో 10 మీటర్ల ఎత్తుకు పక్కల ఒకటిన్నర మీటరు, ముందు రెండు మీటర్లు వదలాలి. లెక్క వేస్తే అంతస్తుకు 1,269 చదరపు అడుగులు. అంటే 40 గజాలు ఎక్కువ పెట్టి కొంటే అంతస్తులో కలిసొచ్చింది 55 చదరపు అడుగులే! మరి హుషారంతా దేనికంటే, ఈ వరుసలో పార్కింగు కోసం స్టిల్ట్, అంటే కింద స్తంభాలు మాత్రమే ఉండే ఖాళీ అంతస్తు, వేసుకోవచ్చు, ఆ స్టిల్ట్ ఎత్తు పది మీటర్ల లెక్కలోకి రాదు. స్టిల్ట్ మీద మూడు అంతస్తులూ నివాసానికే మిగులుతాయి. బయటినుంచి చూస్తే నాలుగంతస్తుల ఇల్లు. ఏజెంటు చెప్పే 'ఇంకో ఫ్లోర్' ఇదే.

పక్కపక్కన ఉన్న రెండు 200 గజాల స్థలాలను కలిపితే లెక్క ఇంకా మారుతుంది. 400 గజాలంటే 334 చదరపు మీటర్లు. 300 నుంచి 400 వరుస, ఎత్తు 12 మీటర్లు, పక్కల రెండు మీటర్లు, ముందు మూడు. 60 అడుగుల చదరంలో అంతస్తుకు 2,044 చదరపు అడుగులు, స్టిల్ట్ మీద నాలుగు అంతస్తులు. మొత్తం 8,170కి పైనే. విడివిడిగా కట్టుకుంటే రెండూ కలిపి 7,280, అందులోంచే పార్కింగు. అన్నదమ్ముల స్థలాలు పక్కపక్కనే ఉంటే బిల్డర్లు ఇద్దరినీ కూర్చోబెట్టి డెవలప్‌మెంట్ ఒప్పందం మాట్లాడేది ఈ తేడా కోసమే. అన్నదమ్ములు మాత్రం వాటా శాతం గురించే బేరమాడతారు. మధ్య గోడకు అటూ ఇటూ పోవాల్సిన రెండు మీటర్ల ఖాళీ తమ స్థలాలు కలపడం వల్లే మిగిలిందన్న సంగతి బేరంలో ఎక్కడా రాదు.

ఎత్తు విషయంలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. పది మీటర్లంటే 32 అడుగుల 10 అంగుళాలు. అంతస్తుకు పది అడుగుల చొప్పున మూడు స్లాబులకు 30, నేల నుంచి పీఠం రెండు అడుగులు, కలిపి 32. మిగిలింది పది అంగుళాలు. మన కాలనీల్లో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతారు కాబట్టి, వానాకాలం నీళ్లు లోపలికి రాకుండా జీ+2 కట్టేవాళ్లు పీఠం నాలుగడుగులు లేపుతారు. అక్కడే ఎత్తు దాటిపోతుంది. పీఠం లేపాల్సిన చోట అంతస్తు ఎత్తును తొమ్మిదిన్నర అడుగులకు తగ్గించి గీయించుకోవాలి. మూడో స్లాబు వేశాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగిందేమీ లేదు. మెట్ల గది, లిఫ్ట్ గది, పైన నీళ్ల ట్యాంకు, పిట్టగోడ ఎత్తులో లెక్కకు రావు. పెంట్‌హౌస్ మాత్రం లెక్కకు వస్తుంది. దాన్ని మెట్ల గది అని ప్లానులో చూపించి, తర్వాత వంటగదీ పడకగదీ కట్టడం ఊరంతా ఉన్న అలవాటే, ఫలితం ఏమిటో కింద చెబుతాను.

సెట్‌బ్యాకుల్లో, అంటే చుట్టూ వదిలే ఖాళీల్లో, కొంత వెసులుబాటు ఉంది, చాలామంది వాడుకోరు. 300 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఒక పక్క ఖాళీని ఒక మీటరు వరకు ఇంకో పక్కకు జరుపుకోవచ్చు. ఏ పక్కనా మీటరుకు తగ్గకూడదు, ముందు ఖాళీని ముట్టుకోకూడదు. 750 దాటితే రెండు మీటర్ల వరకు జరపొచ్చు, కానీ తగ్గించిన వైపు కనీసం రెండున్నర మీటర్లు మిగలాలి. కారు వెనక్కి తిప్పుకోవడానికి ఒక పక్క వెడల్పు కావాలనుకునేవాళ్లకు ఇది పనికొచ్చే నిబంధన. బాల్కనీ విషయంలో మాత్రం వెసులుబాటు లేదు. తక్కువ ఎత్తు భవనాల్లో బాల్కనీ ఖాళీలోకి పొడుచుకు రాకూడదు, సెట్‌బ్యాక్ గీతకు లోపలే ఉండాలి. కిటికీ మీద 60 సెంటీమీటర్ల సజ్జ వరకు ఫరవాలేదు. మేస్త్రీలు 'అందరూ మూడడుగులు బయటికే పోస్తారు' అంటారు. నిజమే, అందరూ అలాగే పోస్తారు, అందుకే ఓసీ, అంటే ప్లాను ప్రకారం కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, రాదు.

ఇప్పుడు రోడ్డు. ముందున్న రోడ్డును ఉన్నదున్నట్టు కొలవరు, ఉండాల్సిన వెడల్పుతో కొలుస్తారు. పాత పంచాయతీ వెంచర్లలో కాగితం మీద 30 అడుగులని ఉండి, నేల మీద 20, 22 ఉన్న వీధులు బోలెడు. వీధి 20 ఉండి 30 కావాల్సి ఉంటే వీధి మధ్యగీత నుంచి లెక్కపెట్టి ఒక్కో వైపు ఐదడుగులు పోతుంది. 36 అడుగుల ముఖం ఉన్న మన 240 గజాల స్థలంలో అది 180 చదరపు అడుగులు, అంటే 20 గజాలు. నికర స్థలం 220. గీత దాటడానికి కొన్నది గీత కిందికి జారింది. అంతేకాదు, ముందు వదలాల్సిన ఖాళీని కూడా ఈ కొత్త హద్దు నుంచే కొలుస్తారు. కాబట్టి స్థలం చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లి వీధిని ఎదురింటి గోడ దగ్గర్నుంచి కొలవాలి, మీ స్థలం ముందే కాదు, వీధి మొదట్లోనూ చివర్లోనూ. దస్తావేజులోని కొలత, నేల మీది కొలత వేరైతే తక్కువ ఉన్నదే లెక్క.

మాస్టర్ ప్లాన్ రోడ్డు ఇంకా పెద్ద సంగతి. 2013లో నోటిఫై చేసిన హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మెట్రోపాలిటన్ మాస్టర్ ప్లాన్ 2031 వరకు చూసి గీసింది. నేల మీద పొలం, మధ్యలో మోదుగ చెట్టు. ప్లానులో మాత్రం 100 అడుగుల రోడ్డు. అది ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు, కానీ అనుమతి అడిగిన రోజున మీ స్థలంలో ఆ మేర వదలాల్సిందే. గ్రామం పేరు, సర్వే నంబరు ఇచ్చి భూవినియోగ ధ్రువపత్రం తీసుకుంటే జోను ఏమిటో, రోడ్డు పోతుందో లేదో రెండూ తెలుస్తాయి. బయానా ఇవ్వకముందే తీసుకోవాల్సిన కాగితం ఇది. రోడ్డుకు స్థలం ఉచితంగా వదిలితే నగదు బదులు టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) ధ్రువపత్రం అడగొచ్చు. మాస్టర్ ప్లాన్ రోడ్డుకు పోయిన స్థలానికి నాలుగు రెట్ల మేర నిర్మాణ హక్కు, అంటే 50 గజాలు వదిలితే 200 గజాల హక్కు. దాన్ని మీరే పైన అదనంగా కట్టుకోవడానికి వాడొచ్చు, లేదా బిల్డరుకు అమ్మొచ్చు. చిన్న ఇంటి యజమానులు తెలియక, టీడీఆర్‌కు బదులుగా ఇచ్చే సెట్‌బ్యాక్ రాయితీతో సరిపెట్టుకుని వచ్చేస్తుంటారు. రెండిట్లో ఏది లాభమో అనుమతికి ముందే లెక్క వేసుకోవాలి.

ఎత్తైన భవనాల దగ్గరికి వస్తే నిబంధనల స్వభావమే మారిపోతుంది. 18 మీటర్లు, ఆపైన ఉంటే హైరైజ్. కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, అంటే దాదాపు 2,392 గజాలు ఉండాలి. 21 మీటర్ల ఎత్తుకు ముందు 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ. ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డూ ఖాళీ పెరుగుతూ, 55 మీటర్ల దగ్గర 30 మీటర్ల రోడ్డు, 16 మీటర్ల ఖాళీ అవుతాయి. అక్కడి నుంచి ఎత్తు రెట్టింపు చేసినా ఖాళీ పెరిగేది కొద్ది మీటర్లే. ఒక ఎకరం చదరంగా ఉందనుకోండి, భుజం 63.6 మీటర్లు. చుట్టూ 16 పోతే లోపల 31.6 మీటర్ల చదరం, సుమారు వెయ్యి చదరపు మీటర్లు. ఎకరంలో పావు వంతు. 55 మీటర్లలో 18 అంతస్తులు వేస్తే 18 వేల చదరపు మీటర్లు, స్థలానికి నాలుగున్నర రెట్లకు కాస్త తక్కువ. అదే ఎత్తు రెట్టింపైతే లోపలి చదరం కొద్దిగా తగ్గి, అంతస్తులు రెండింతలవుతాయి. స్థలం ఐదెకరాలు, పదెకరాలు అయ్యేకొద్దీ చుట్టూ వదిలే ఖాళీ వాటా కరిగిపోతుంది. కోకాపేట నియోపోలిస్‌లో 2023లో ఎకరం 100.75 కోట్ల దాకా వేలం పాడగలిగారంటే కారణం ఇదే. పైన మూత లేదు కాబట్టి భూమి ధరను ఎన్ని ఫ్లాట్ల మీదైనా పంచుకోవచ్చు.

నాకు ఈ పద్ధతిలో నచ్చనిది ఒకటే. నిబంధన భవనం ముందున్న రోడ్డును చూస్తుంది, ఆ రోడ్డు వెళ్లి కలిసే కూడలిని చూడదు. ముందు 100 అడుగులుంటే చాలు. రెండు కిలోమీటర్ల తర్వాత అది పాత ఊరి 40 అడుగుల వీధిలో కలిసినా అనుమతి లెక్కలో తేడా రాదు. 15 మీటర్లకు పైన కట్టే అంతస్తులకు నగర స్థాయి మౌలిక వసతుల ప్రభావ రుసుము వసూలు చేస్తారు, కానీ ఆ డబ్బు ఆ కూడలికే వెళ్తుందన్న హామీ లేదు. 200 గజాల వాడి ఇంటికి అంగుళాల్లో హద్దు గీసి, 40 అంతస్తుల టవరుకు డ్రైనేజీ ఎక్కడ కలుస్తుందన్న ప్రశ్నను ఎన్‌ఓసీల (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రాల) కట్టలోకి తోసేశారు. ఎఫ్ఎస్ఐ తీసేయడం తప్పని నేననను. ముంబైలో దాన్ని పెట్టుకుని ఇళ్ల ధరలు ఏమయ్యాయో చూస్తూనే ఉన్నాం. కానీ మూత తీసినప్పుడు కింద మురుగు పైపు సైజు కూడా చూడాలి కదా.

ఆకాశం హద్దు గురించి రెండు మాటలు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టూ ఎత్తుకు విమానాశ్రయ సంస్థ లేదా వైమానిక దళం ఎన్‌ఓసీ కావాలి. ఆ పత్రంలో ఎత్తు సముద్ర మట్టం నుంచి ఇస్తారు. 600 మీటర్లు అని కనబడగానే సంబరపడకూడదు, మన ఊరే దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. మీ స్థలం నేల ఎత్తు తీసేస్తే మిగిలేదే మీ భవనం.

చెరువుల హద్దు దగ్గర ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువ కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో అది ఎఫ్‌టీఎల్. దాని లోపల కట్టకూడదని అందరికీ తెలుసు. ఎఫ్‌టీఎల్ అంచు నుంచి బయటికి బఫర్ ఉంటుంది. చెరువు పది హెక్టార్లు, అంటే 24.7 ఎకరాలు లేదా అంతకు మించి ఉంటే 30 మీటర్లు. అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పైన నాలా లేదా వాగుకు 9 మీటర్లు, పది లోపైతే 2 మీటర్లు. మూసీ లాంటి నదికి పురపాలక హద్దుల్లో 50 మీటర్లు, బయట 100. ఎండాకాలంలో నీళ్లు కనబడ్డ చోటి నుంచి కొలిస్తే ఈ అంకెలు పనికిరావు.

అసలు చిక్కు పట్టా దగ్గర వస్తుంది. ఎఫ్‌టీఎల్ లోపల శికం పట్టాలు ఉంటాయి. నీరు వెనక్కి పోయినప్పుడు సాగు చేసుకునే హక్కు అది. భూమి నీదే, రిజిస్ట్రేషన్ కూడా జరిగిపోవచ్చు, కానీ ఇల్లు కట్టే హక్కు అందులో లేదు. 'పట్టా భూమి సార్, లింకు డాక్యుమెంట్లన్నీ ఉన్నాయి' అనే మాట నిజమై ఉండి కూడా ఇల్లు కూలిపోవచ్చు. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లోపల ఈ విషయం అందరికీ తెలిసొచ్చింది. చూడాల్సిన పద్ధతి ఇది: హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్లో గ్రామం వారీగా చెరువు పటం తీసుకుని, ఎఫ్‌టీఎల్ గీత ఏయే సర్వే నంబర్ల మీదుగా పోతుందో చూడాలి. పటం మీద ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అని రాసి ఉంటుంది. ప్రాథమికమే అయితే అభ్యంతరాల తర్వాత గీత జరగొచ్చు, మీ వైపు కూడా. సర్వే నంబరుకు బై నంబర్లు పడి ఉంటే పటంలో అసలు నంబరు మాత్రమే కనిపిస్తుంది, కాబట్టి టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) పెట్టి మీ ముక్క ఆ నంబరులో ఏ మూల ఉందో సర్వేయరుతో గుర్తు పెట్టించాలి. అనుమతి వచ్చిందన్న ధీమా ఇక్కడ చాలదు. తప్పు పటం పెట్టి తెచ్చుకున్న అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు.

పశ్చిమాన ఉన్న 111 జీవో వేరే కథ. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్లను కాపాడటానికి 1996 మార్చి 8న వచ్చింది. పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల పరిధి, 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు. లేఅవుట్ వేస్తే 60 శాతం రోడ్లకూ ఖాళీకీ వదలాలి, మిగిలిన దాంట్లోనూ నిర్మాణం స్థలంలో సగానికి మించకూడదు. ఊరంతా ఎఫ్ఎస్ఐ లేకపోయినా ఇక్కడ మాత్రం ఉండేదన్నమాట. 2022 ఏప్రిల్లో జీవో 69తో ఆంక్షలు సడలించామన్నారు, 2023 మేలో మంత్రివర్గం పూర్తి ఎత్తివేతకు నిర్ణయించింది. ఆ వార్త పట్టుకుని మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు అమ్మకాలు ఊపందుకున్నాయి. కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఆంక్ష ఎత్తేయడం వేరు, మీ సర్వే నంబరును నివాస జోనులోకి మార్చడం వేరు. మాస్టర్ ప్లానులో కన్జర్వేషన్ అని ఉన్న భూమికి వార్తాపత్రిక చూపించి ఇంటి అనుమతి తెచ్చుకోలేరు.

అక్కడ ఎక్కువగా అమ్ముడయ్యేవి గుంటలు. గుంటంటే 121 గజాలు, ఐదు గుంటలు 605. గజాల్లో కాకుండా గుంటల్లో అమ్ముతున్నారంటే అది వ్యవసాయ భూమిగానే రిజిస్టర్ అవుతుందని అర్థం. 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, పాసుపుస్తకం అందులో కనబడుతుంది, మోసమేమీ లేదు. కాకపోతే వ్యవసాయేతర మార్పిడి లేదు, లేఅవుట్ అనుమతి లేదు, మీ గుంటల్లోకి వేసిన 30 అడుగుల రోడ్డు ఎవరి పేరు మీదుందో తెలియదు. ఫామ్‌హౌస్ అని పేరు పెట్టినంత మాత్రాన ఇంటి నిబంధనలు తప్పిపోవు.

ఇక లేఅవుట్ లేని పాత ప్లాట్లు. 2020 ఆగస్టు 31న వచ్చిన జీవో 131 ప్రకారం ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తులు తీసుకున్నారు. ఆ ఆగస్టు 26 నాటికి రిజిస్టర్ అయిన ప్లాట్లకే అవకాశం. క్రమబద్ధీకరణ రుసుముతో పాటు, లేఅవుట్‌లో పార్కు వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం వాటా కట్టాలి. కొనేవాళ్లు అమ్మకందారుడి దగ్గర చూడాల్సింది వెయ్యి రూపాయల దరఖాస్తు రసీదు కాదు, క్రమబద్ధం చేశామని ఇచ్చే ప్రొసీడింగ్స్ కాగితం. రసీదుతో ఇంటి అనుమతి రాదు. చెరువు బఫర్లో ఉన్న ప్లాటుకు రసీదు ఎన్నేళ్లు దాచుకున్నా ప్రొసీడింగ్స్ రాదు.

అనుమతి పద్ధతి ఒకప్పటితో పోలిస్తే చాలా తేలికైంది. 2020 నవంబరులో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతి విధానం మొదలైంది, 2025 నుంచి బిల్డ్‌నౌ వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల లోపు ఇంటికి ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, పది మీటర్ల లోపు ఎత్తైతే స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. అది దాటితే 21 రోజులు, ఆలోగా ఏ మాటా చెప్పకపోతే వచ్చినట్టే లెక్క. దస్తావేజు, లింకు పత్రాలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లేఅవుట్ కాపీ లేదా ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్, లైసెన్సున్న ఇంజినీరు గీసిన ప్లాను సిద్ధంగా ఉంటే ఒక పూటలో పని.

తేలికైన దాంట్లోనే ఒక మెలిక ఉంది. అప్పటికప్పుడు వచ్చే అనుమతి మీ మాట మీద ఇచ్చింది. తర్వాత 21 రోజుల్లో అధికారులు వచ్చి చూసి, రోడ్డు వెడల్పో నాలా దూరమో తప్పు రాశారని తేలితే రద్దు చేస్తారు. స్వీయ ధ్రువీకరణలో అబద్ధం చెప్పినా, అనుమతికి విరుద్ధంగా కట్టినా నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని బీపాస్ చట్టం ఇచ్చింది. కాబట్టి ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టండి, బోరు వేయించండి, కాలమ్స్ మాత్రం ఆ 21 రోజులు గడిచాక లేపండి. ఫారం మీరే చదివి సంతకం పెట్టండి. కాగితాలు అప్‌లోడ్ చేసే కుర్రాడు రోడ్డు గడిలో 30 అని వేసేసినా, అబద్ధం చెప్పినట్టు లెక్కపడేది మీ మీదే.

200 చదరపు మీటర్లు దాటిన స్థలాల్లో, లేదా ఏడు మీటర్లు దాటే భవనాల్లో, కట్టబోయే దాంట్లో పది శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థ పేరున తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకుంటే విడిపిస్తారు. తేడా పోతే ఆ భాగం చిక్కుకుపోతుంది. ముందు సెట్‌బ్యాక్ కాకుండా మిగతా వైపుల పది శాతం లోపు తేడాకు జరిమానాతో ఓసీ ఇచ్చే వీలుంది. పెంట్‌హౌస్‌కు, అదనపు అంతస్తుకు ఆ వీలు లేదు. పక్కన మీటరు వదలాల్సిన చోట 90 సెంటీమీటర్లు వదిలినవాడు బయటపడతాడు, 60 వదిలినవాడు పడడు. ప్లాస్టరింగు, టైల్స్ క్లాడింగు తర్వాత ఎంత మిగులుతుందో ముగ్గు పోసేటప్పుడే చూసుకోవాలి.

ఓసీ లేకపోతే ఏమవుతుందంటే, రోజువారీగా ఏమీ కానట్టే ఉంటుంది. ఊళ్లో చాలా ఇళ్లు అలాగే నడుస్తున్నాయి. ఆస్తి పన్ను మీద మాత్రం జరిమానా ఏటా పడుతుంది: పది శాతం లోపు తేడాకు పన్నులో 25 శాతం, అది దాటితే 50, అనుమతి లేని అంతస్తుకు వంద. 2015లో వచ్చిన బీఆర్ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ) పథకంలో కట్టేస్తే క్రమబద్ధం అయిపోతుందని దరఖాస్తులు పెట్టినవాళ్లు ఇంకా కోర్టు వైపే చూస్తున్నారు. ఇంకో పథకం వస్తుందన్న ఆశతో ఇప్పుడు అంతస్తు వేసుకోవడం నా దృష్టిలో తెలివితక్కువ పని. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, ఓసీ చూశాకే బ్యాంకులు అప్పు ఇవ్వాలని, నీళ్లు, కరెంటు కనెక్షన్లూ అప్పుడే ఇవ్వాలని చెప్పింది. ఈ మాటను బ్యాంకులు గట్టిగా పట్టుకుంటే తిరిగి అమ్ముకునే రోజున ఇబ్బంది మొదలవుతుంది.

ఫ్లాటు కొనేవాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పైన చెప్పిన 400 గజాల స్టిల్ట్+4 భవనం గుర్తుందా, అంతస్తుకు రెండు చొప్పున ఎనిమిది ఫ్లాట్లు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు అక్కర్లేని ప్రాజెక్టులు రెండు రకాలు: స్థలం 500 చదరపు మీటర్ల లోపు, లేదా ఫ్లాట్లు ఎనిమిదికి మించనివి. ఈ భవనం రెండు లెక్కల్లోనూ బయటే ఉంటుంది. అంటే కాలనీల్లో వీధికి నాలుగు చొప్పున లేస్తున్న ఈ భవనాల మీద రెరా చూపు లేదు, బిల్డరును ఆపే కాగితాలు ఆ తనఖా, ఆ ఓసీ మాత్రమే. కొనేముందు అనుమతి ప్రొసీడింగ్స్ పూర్తిగా అడిగి, తనఖా పెట్టిన పది శాతం ఏ అంతస్తులో ఏ ఫ్లాటో చూడండి. సాధారణంగా అది గ్రౌండు, మొదటి లేదా రెండో అంతస్తులో ఉంటుంది. మీకు చూపిస్తున్న ఫ్లాటు అదే అయితే, తనఖా విడుదల పత్రం వచ్చేదాకా రిజిస్ట్రేషన్ పెట్టుకోవద్దు. అది కాకపోయినా, స్టిల్ట్‌లో గది కట్టారా, పైన పెంట్‌హౌస్ వేశారా అని ఒకసారి మెట్లెక్కి చూసి రండి. ఓసీ భవనానికంతటికీ కలిపి వస్తుంది కాబట్టి, పైవాడి పెంట్‌హౌస్ వల్ల రెండో అంతస్తులో ఉన్న మీకూ ఓసీ ఆగిపోతుంది. ధరలో చివరి పది శాతాన్ని ఓసీ చేతికొచ్చాక ఇస్తానని అగ్రిమెంటులో రాయించుకోండి. ఒప్పుకోని బిల్డరు ఎందుకు ఒప్పుకోవడం లేదో పై అంతస్తుకు వెళ్తే కనబడుతుంది.